ఎడారి బిలంలో ఏకాకి చేపలు

కొత్త చెరువుకు నీరు చేరిన కొద్ది రోజులకే అందులో చేపపిల్లలు మిలమిలలాడుతాయి. ఏ వాగో తెచ్చి ఉంటుందని మనం సరిపెట్టుకుంటాము. కాని వాగూ వంకా లేని ఎడారి కొండలో, రాతి బిలం అడుగున చేపలుంటే ఏమనుకోవాలి?

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, మృత్యులోయ అని పేరుబడ్డ డెత్ వ్యాలీకి తూర్పున అటువంటి బిలం ఒకటి ఉన్నది. పేరు డెవిల్స్ హోల్. దయ్యపు బిలమన్నమాట! చుట్టూ ఎటుచూసినా రాళ్లు, ఎండిన పొదలు. కొండవాలున నేల నోరు తెరిచినట్లు ఒక చీలిక. తొంగి చూస్తే సుమారు 15 మీటర్ల దిగువన నీలి నీరు. ఒకప్పుడిది కప్పు ఉన్న గుహే. దాదాపు 60 వేల ఏళ్ల క్రితం కప్పు కూలి వెలుగు సోకింది. గజఈతగాళ్లు 130 మీటర్లకు పైగా దిగినా అడుగు అంతుపట్టలేదు.

నీరు ఏడాది పొడుగునా 33 డిగ్రీల సెంటిగ్రేడు గోరువెచ్చన. అందులో ప్రాణవాయువు బహు స్వల్పం. అయినా అంగుళం పొడవైన నీలిచేపలు అందులో కాపురముంటున్నవి. కుక్కపిల్లల్లా ఒకదాన్నొకటి తరుముకుంటాయని వీటిని పప్‌ఫిష్ అన్నారు. తమ చుట్టాలకుండే పొట్టకింది రెక్కలు వీటికి లేవు. ఆయుర్దాయం ఇంచుమించు ఒక్క ఏడాది. ఇది ప్రత్యేక జాతి అని 1930లో తేల్చారు. ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు.

బిలం ఎంత లోతైనా, వీటి సంసారమంతా నీటి అంచున మునిగి ఉన్న చిన్న గదంత బండమీదనే. దానిమీద ఎండ పడితే నాచు పెరుగుతుంది. అదే తిండి, గుడ్లు పెట్టే చోటూ అదే.

మరి ఎలా వచ్చాయి? మంచుయుగంలో ఈ ఎడారి సరస్సులతో, నదులతో నిండి ఉండేది. అవి ఎండిపోగా చేపలు మిగిలిన ఊటల్లో చిక్కుబడి, తలోచోట తలో జాతిగా మారాయి. ఇంతవరకు పేచీ లేదు. ఈ బిలంలోకి ఎప్పుడు దిగాయన్నదే తగాదా. పది, ఇరవై వేల ఏళ్లయిందని కొందరు. జన్యువులు పరీక్షించి, వెయ్యేళ్లయినా కాలేదని మరికొందరు. పూర్వం నీరు పొంగి దారి ఏర్పడిందా, పక్షి కాలికంటి గుడ్డు వచ్చిందా? చూసినవారు లేరు.

వచ్చిన దారి మాట ఎట్లున్నా, పోయే దారి మాత్రం మనిషే చూపబోయాడు. 1968 నుంచి పక్కనున్న వ్యవసాయ క్షేత్రంవారు బావుల నీరు తోడగా బిలంలో మట్టం తగ్గి, ఆ బండ బయటపడసాగింది. దావా అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. రైతుకు నీరా, చేపకు నీరా అని ఊళ్లు రెండుగా చీలాయి. 1976లో న్యాయమూర్తులు చేపలకు కావలసిన మట్టం నిలపాలని తీర్పిచ్చారు.

అంతటితో గండం గడవలేదు. 2013లో లెక్కిస్తే ఉన్నవి 35! సమీపంలోనే అచ్చం ఆ బిలంలాంటి తొట్టి కట్టి కొన్నింటిని పెంచుతున్నారు. 2024 వసంతానికి బిలంలో 191కి పెరిగాయి. ఇంతలో 2024 డిసెంబరులోను, 2025 ఫిబ్రవరిలోను ఎక్కడో వచ్చిన భూకంపాలకు బిలంలో అలలు లేచి, బండమీది నాచును, గుడ్లను ఊడ్చివేశాయి. మళ్లీ లెక్క 38కి దిగింది.

ఒక జాతి మొత్తానికి ఒక్క బండే ఆధారం. దానిమీద జానెడు నీరు నిలవడమో నిలవకపోవడమో, వాటికదే లోకం.