మామయ్య డబ్బాలో ఏడు తూటాలు

మా అత్తమ్మ పాత ఇల్లు పోయిన వానాకాలం నుంచి ఒక మూల కురుస్తోంది. ఈసారి వానలు పడేలోపు పైకప్పు విప్పించేయాలని మావారు అన్నారు. అటక మీది సామాను దింపే పని మాత్రం నా నెత్తిన పడింది. అటకల సంగతి మీకు తెలియనిదేముంది. పగిలిన గంగాళం, కాలు విరిగిన పీట, ఎవరిదో ఎవరికీ గుర్తులేని పెళ్లి ఫొటో. వాటన్నిటి వెనక మామయ్య ఇనుప సందూగ. అందులో పాత రుమాలులో చుట్టిన బోర్నవిటా డబ్బా.

నేను గంగాళం తోముతుంటే మా చిన్నోడు డబ్బా మూత తీశాడు. వాడిది ఐదో తరగతి. పొడుగ్గా, పచ్చగా మెరుస్తున్నది ఒకటి పట్టుకొచ్చి, "అమ్మా, దీనికి బెజ్జం పెట్టించి కీచైన్ చేసుకుంటా. మా ఫ్రెండ్ వాళ్ల డాడీ కంపెనీలో డ్రిల్లింగ్ మిషన్ ఉంది" అన్నాడు.

చేతికి ఉన్న బూడిద కూడా కడుక్కోకుండా దాన్ని లాక్కున్నాను. తూటా అని తెలిసింది గానీ, పేలేదో పేలిపోయిందో తెలియలేదు. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంటి కోడలిని. కొయ్య తేలేదో బొమ్మిడాయో ముట్టుకుని చెప్పగలను. దీన్ని చూసి ఏమీ చెప్పలేకపోయాను.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉంటారు. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు. ఫోన్ చేస్తే వెంటనే వచ్చారు. "అమ్మా, మేం చేసింది మిలిటరీ బండ్లు, తూటాలు కావు. అయినా నాకు తెలిసింది చెప్తా. ముందు వీటిని పొయ్యికి దూరంగా పెట్టండి" అన్నారు. అరుగు మీద పేపర్ పరిచి ఏడింటినీ వరుసగా పెట్టారు.

అప్పుడు కనిపించింది నాకు, అవి ఏడూ ఒక జాతివి కావని. ఐదు పొట్టిగా, లావుగా, ఎర్రటి ఒళ్లు, అడుగున ఇత్తడి గిన్నె. అవి 12 బోర్ తుపాకీవట. లోపల ఒక్క గుండు ఉండదు, ఛర్రాలు ఉంటాయి. పందికైతే ఎల్‌జీ అని పెద్ద ఛర్రాలు, కుందేలుకూ కౌజుపిట్టకూ సన్నవి. 12 అంటే ఇంచీలూ కాదు, మిల్లీమీటర్లూ కాదు. ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం. అంటే నంబర్ పెరిగితే గొట్టం సన్నబడుతుంది. నాకిది చప్పున అర్థమైంది. కుట్టుమిషన్ దారం కూడా అంతేగా, నంబర్ పెరిగేకొద్దీ దారం సన్నం.

మిగతా రెండూ వేరు. నిలువెల్లా ఇత్తడి, మెడ దగ్గర సన్నబడి సీసాలా ఉన్నాయి. అడుగున చిన్న అంచు. అంచు మీద "కెఎఫ్, 8 ఎంఎం" అని చెక్కి ఉంది. కెఎఫ్ అంటే పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీ. దీన్నే తుపాకుల వాళ్లు .315 అంటారట. 0.315 ఇంచీ అన్నా 8 మిల్లీమీటర్లు అన్నా ఒకటే. ఇంగ్లీషు వాళ్ల కాలంలో సైన్యం రైఫిల్ .303. సైన్యం తూటా జనం చేతికి రాకూడదని, మామూలు వాళ్ల వేట రైఫిళ్లకు ఈ వేరే సైజు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా అదే నడిచింది. రైఫిల్ మాత్రం బెంగాల్లోని ఇషాపూర్‌లో తయారవుతుంది.

"ఇంకోటి ఉంది, .30-06 అని. అది అమెరికా వాళ్లది. 06 అంటే 1906" అన్నారు పెద్దాయన. దాని అడుగున ఇలా బయటికొచ్చిన అంచు ఉండదట, గాడి ఉంటుందట. డొల్ల కూడా పొడుగు, మందు ఎక్కువ. .315 గుండు పదహారు గ్రాముల దాకా తూగుతుంది, నింపాదిగా పోతుంది. దాని గుండు తేలిక, కానీ వేగం చాలా ఎక్కువ. నాకు అప్పటికే తల తిరుగుతోంది. నాకు కావలసింది ఒక్కటే, పేలేవి ఏవి?

ఆయన ఇత్తడివి రెండూ తిప్పి చూపించారు. అడుగున నడిమధ్యలో చిన్న బిళ్ల ఉంటుంది. ఒకదానికి ఆ బిళ్ల మీద గుంట, మూతి దగ్గర ఖాళీ. అది పేలిపోయిన డొల్ల. రెండోదానికి బిళ్ల నున్నగా ఉంది, మూతికి గుండు ఉంది, ముక్కు దగ్గర రాగి తొడుగు లేకుండా సీసం కనిపిస్తోంది. మెత్త ముక్కు, తగలగానే పువ్వులా విచ్చుకుంటుంది. వేట కోసం చేసింది. మా చిన్నోడు బెజ్జం పెట్టిస్తానన్నది దీనికే. ఎర్రవాటిలోనూ ఏ బిళ్ల మీదా గుంట లేదు. గుండు ఉండి కూడా గుంట పడితే అది కొట్టినా పేలనిది, దాన్ని ఇంకా నమ్మకూడదు అన్నారాయన. పాతబడితే మందు చచ్చిపోతుందనేది కూడా వట్టి మాటేనట.

సాయంత్రం మావారు సందూగ అడుగున మామయ్య లైసెన్స్ పుస్తకం పట్టుకున్నారు. పంట కాపలాకు, 12 బోర్ ఒంటి గొట్టం తుపాకీ. మామయ్య పోయిన ఏడాదే ఆ తుపాకీ స్టేషన్‌లో అప్పగించారు. పుస్తకంలో రైఫిల్ మాట ఎక్కడా లేదు.

మావారి ముఖం మాడిపోయింది. "అమ్మా, నాన్న దగ్గర దొంగ రైఫిల్ ఉండేదా?"

అత్తమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ తలెత్తలేదు. "మీ నాయినది కాదురా గది. పట్నం దొరది."

తర్వాత మెల్లమెల్లగా చెప్పింది. అప్పట్లో సుల్తాన్‌పూర్ అంతా చెల్కలే. ఔటర్ రింగ్ రోడ్డూ లేదు, మెడికల్ డివైజెస్ పార్కూ లేదు. జొన్న చేలకు పందులు పడేవి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చినా, 1991 సవరణ దాకా కొన్ని జంతువులకు వేట లైసెన్సులు దొరికేవి, కాబట్టి పట్నం నుంచి జీపుల్లో షికారు వాళ్లు వచ్చేవాళ్లు. మామయ్య టార్చి పట్టుకుని ముందు నడిచేవాడు. ఒక రాత్రి చేనులో పంది కదిలింది. మామయ్య తన తుపాకీ ఎత్తేలోపే ఆ దొర రైఫిల్ పేల్చాడు. పంది పారిపోయింది. గుండు మాత్రం చేను దాటి, కుంట కట్ట దాటి, అవతల పాకలో కట్టేసిన చూడి బర్రెకు తగిలింది.

"మీ మామ తుపాకైతే గంత దూరం పోకపోవు బిడ్డా. ఛర్రాలు నడిమిట్లనే పడుతయ్. గది రైఫిలాయె."

పెద్దాయన పొద్దున ఇదే చెప్పారు. ఛర్రాలు యాభై అరవై గజాలకే నీరసిస్తాయి, రైఫిల్ గుండు కిలోమీటరు దాటినా ప్రాణం తీస్తుంది, అందుకే దాని వెనక ఏముందో చూడకుండా కొట్టకూడదని. పొద్దున నేను తలూపి ఊరుకున్నాను. ఇప్పుడు ఆ పాకలో బర్రె పక్కన మంచం ఉండి ఉంటే అనిపించి చేతులు చల్లబడ్డాయి. అడిగాను కూడా. "ఉండె. పాలేరు పిలగాడు ఎప్పుడూ గాడనే పండుకునేటోడు. గా రాత్రి జాతరకు పోయిండు."

దొర తెల్లారకముందే జీపెక్కాడు, మళ్లీ రాలేదు. ఆయన వదిలేసిపోయిన ఒక డొల్ల, ఒక తూటా మామయ్య ఏరుకొచ్చాడు. పంచాయితీలో చూపిద్దామనుకున్నాడట. తీరా చూస్తే దారి చూపినవాడిదే తప్పు అన్నారు. బర్రె డబ్బులు కట్టడానికి అత్తమ్మ గుండ్లపేరు అమ్మారు.

"ఆడబిడ్డ పెండ్లికి అమ్మిన్రని కదా చెప్పారు నాకు?"

"మరి ఏమని చెప్పాలె? గా గుండుకు నా గుండ్లు పోయినయ్ అంటరా ఎవరన్న?"

మావారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పాత బావిలో పారేద్దాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. రేపు ఆ బావి పూడ్చడానికి జేసీబీ వస్తుంది. పాత ఇనుము వాడికి ఇత్తడి ఇచ్చినా అంతే, పటాన్‌చెరు వైపు ఎక్కడో కొలిమిలో ఇత్తడితో పాటు పడి ఎవరి కళ్లు పోతాయో. పైగా 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా ఉంచుకోవడమే నేరం. లైసెన్స్ ఉన్న మనిషి పోతే, మిగిలినవి ఆలస్యం చేయకుండా దగ్గరి స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పగించాలి. మీ ఇళ్లలో కూడా పెద్దవాళ్ల సందూగలుంటే ఒకసారి చూసుకోండమ్మా. కనిపిస్తే పిల్లల చేతికి అందనీయకండి, గోకకండి, ఎండబెట్టకండి.

మర్నాడు లైసెన్స్ పుస్తకం, మరణ ధ్రువపత్రం, ఒక అర్జీ పట్టుకుని ఇద్దరం వెళ్లాం. ఇత్తడివి రెండూ దాచేద్దామా అని దారిలో మావారు రెండుసార్లు అడిగారు. ఏడూ ఇచ్చాం. ఎస్సై .315 చూసి, ఇదెక్కడిది అన్నారు. జరిగింది జరిగినట్టు నేనే చెప్పాను. రాసుకుని, సంతకాలు తీసుకుని, రసీదు ఇచ్చారు. రెండున్నర గంటలు పట్టింది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలోనే ఉంది. "ఉత్త డొల్ల గుడ్క ఇచ్చిండ్రా?"

"ఇచ్చేశాం అత్తమ్మా."

"మంచిగైంది తియ్యి" అని లోపలికి పోయింది. కాసేపటికి చూస్తే బోర్నవిటా డబ్బా కడిగి ఎండబెట్టి, అందులో మెంతులు పోస్తోంది. నలభై ఏళ్లు సీసం ఉన్న డబ్బా. ఆవిడ పడుకున్నాక మెంతులు గాజు సీసాలోకి మార్చాను.