లెక్క తప్పని రాత్రి

బిట్‌కాయిన్ అంటే వేలాది కంప్యూటర్లు కలిసి రాసుకునే ఒకే చిట్టా. 2013 మార్చిలో ఆ చిట్టా ఉన్నట్టుండి రెండుగా చీలింది!

225430వ బ్లాకును కొత్త 0.8 సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంది. పాత 0.7 కాదంది. ఒకే రికార్డును ఇద్దరు ఒకేసారి దిద్దకుండా పాత డేటాబేస్ తాళాలు వేస్తుంది. అంత పెద్ద బ్లాకుకు ఆ తాళాలు చాల్లేదు మరి!

తప్పు పాతదానిదే. అయినా డెవలపర్లు మైనింగ్ చేసేవాళ్లను పాతదానికే మళ్లమన్నారు. బ్లాకుకు 25 నాణేల చొప్పున వచ్చిన రాబడిని వదులుకుని పెద్ద మైనింగ్ బృందాలు వెనక్కి తగ్గాయి. కొన్ని గంటల్లో గొలుసు ఒక్కటైంది. మిగతావాళ్లు కొత్తదానికి మారేందుకు మే 15 దాకా గడువిచ్చారు.

పదిమందీ కలిసి రాసే లెక్కలో ఒక్కరి ఒప్పు చాలదు. అందరిదీ ఒకే మాట కావాలి.