జవమూ, సత్త్వమూ

ముసలితనానికి "జవసత్త్వాలుడగడం" అని మనకొక పలుకుబడి. జవం వడి, సత్త్వం బలం. తరగతిలో ఏళ్ళతరబడి విగ్రహవాక్యం చెప్పిన ద్వంద్వ సమాసమిది. దీనికి దివ్యమైన ఉదాహరణ సర్ఫింగ్‌లో దొరికింది.

సర్ఫరు సముద్రంలో ఉన్న సమయంలో దాదాపు సగం పలకపై బోర్లా పడుకుని చేతులతో ఈదుకోవడానికే సరి. అలపై నిలిచేది నూటికి పది పాళ్ళలోపే. మార్కులన్నీ ఆ కాసిన్ని క్షణాలకే! అప్పుడు భారమంతా కాళ్ళది. అల అడుగున మలుపు తిరిగేవేళ నీటి ఒత్తిడికి తొడలు లొంగరాదు, అది సత్త్వం. వంగిన మోకాళ్ళను రెప్పపాటులో చాచి అల అంచున పైకి లేవాలి, అది జవం. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో బ్రెజిల్ వీరుడు ఇటాలో ఫెరైరా మొదటి అలపైనే గాలిలోకెగిరి దిగేసరికి పలక విరిగింది. (కాళ్ళు విరగలేదు!) వేరొక పలకతో స్వర్ణం గెలిచాడు.

ఆస్ట్రేలియాలో ఈ రెంటినీ వేరుగా కొలుస్తారు: కదలని కడ్డీని బలంకొద్దీ పైకి లాగించి ఒకటి, ఉన్నచోటనే ఎగిరించి మరొకటి. జట్టుకు ఎంపికైన కుర్రవాళ్ళు రెంటా మెరుగని తేలింది. అయితే అలను చదవలేనివాడికి కండలెన్ని ఉన్నా మునకే.

వయసుతో జవమే ముందు జారుతుందట, సత్త్వం తరువాత. సమాసంలో వరుసా అదే! పీటమీంచి లేవడానికి నాకు బలం చాలుతోంది. కదిలే బస్సు మెట్టుపైకే కాలు వడిగా పడదు. ఫిజియోథెరపీ అమ్మాయి కుర్చీలోంచి పదిమార్లు గబుక్కున లేవమంది, మెల్లగా లేస్తే లెక్కకు రాదట. ఈ పూటకు ఎనిమిదయ్యాయి.