లంబసింగి కొండలపై ఒంటరి సాధన



నర్సీపట్నము నుండి ఘాటు రోడ్డు ఎక్కితే లంబసింగి వచ్చును. సుమారు 3 వేల అడుగుల ఎత్తు. చలికాలములో ప్రొద్దెక్కినా పొగమంచు విడువదు. దారి పొడవునా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి ప్రాకిన మిరియాల తీగెలు, నీడలో కాఫీ తోటలు. ఇంకా ముందుకు పోతే చింతపల్లి. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న ఇక్కడి పోలీసు ఠాణాపైననే దాడి చేశాడు. 2022లో ఆయన పేరనే జిల్లా ఏర్పడినది.

చింతపల్లి దాటి లోపలనున్న ఒక గ్రామములో కూటముల నిమిత్తము మేము మూడు దినములు ఉన్నాము. అక్కడి ఆరోగ్య ఉపకేంద్రములో పనిచేయు యౌవన సహోదరుడు మైదానపు సంఘములో పెరిగినవాడు, చిన్ననాటి నుండి కరాటే నేర్చినవాడు. ఇక్కడ గురువు లేడు, జోడీ లేడు. "పన్నెండేండ్లు నేర్చినది రెండేండ్లలో పోతుందేమోనని భయమేసిందండి అయ్యగారూ" అన్నాడు.

తెల్లవారుజామున ఒకడు గాలిలోకి పిడికిళ్లు విసురుచుంటే ఏజెన్సీలో ఎవరికైనను అనుమానమే. అందుచేత మొదటి వారమే ఊరి పెద్దలతో చెప్పి, చాటున కాక బడి ముందరనే సాధన మొదలుపెట్టాడట. తెలివైన పని.

కరాటేలో కతా అని ఒకటి ఉన్నది. ఎదుట మనిషి లేకుండ ఒక్కడే చేయు అడుగుల వరుస. షోటోకాన్ పద్ధతిలో పిల్లలకు మొదట నేర్పు హెయాన్ షోదాన్‌లో 21 కదలికలు. బయలుదేరిన చోటికే తిరిగి రావలెను. ఈయన నేలపై సున్నముతో గుర్తు వేసుకొని మొదలుపెట్టును. చివర పాదము గుర్తు మీద పడకపోతే నడుమ ఏదో అడుగు పొట్టిదైనట్లే. గురువు చెప్పవలసినది నేలే చెప్పుచున్నది. ఈ పద్ధతికి మూలపురుషుడైన ఫునకోషి ఒకినావా ద్వీపములో బడిపంతులు. పగలు పాఠములు చెప్పి, రాత్రివేళ గురువు ఇంటి పెరటిలో ఒకే కతాను నెలల తరబడి చేసినవాడు. ఆయన టోక్యోలో ఈ విద్యను ప్రదర్శించినది కూడ 1922లోనే.

వానలకు ఎర్రమట్టి జారును గనుక ఆ నెలలలో వరండాలో మెల్లగా చేయును. గోనెసంచిలో పాతగుడ్డలు కుక్కి చింతచెట్టుకు వ్రేలాడదీశాడు. ఇసుక పోస్తే అడుగున గట్టిపడి మణికట్టు బెణుకునట. మలేరియా వచ్చినప్పుడు మాత్రము పూర్తిగా మానివేశాడు.

ఆరంభమున వంగి నమస్కరించుట విశ్వాసికి తగునా అని సంఘ పెద్ద ఒకరు మమ్మును అడిగారు. మన పెద్దలకు వందనము చేయుట వంటిదే అది, ఆరాధన కాదు అని చెప్పాము. పౌలు తిమోతికి వ్రాసినప్పుడు భక్తిని పైన నిలిపాడే గాని దేహసాధనను కొట్టివేయలేదు.

అయితే ఎదుటివాని దూరము, వాడు కదిలే క్షణము గోనెసంచి నేర్పదు. మూడు నెలల తరువాత కొండ దిగి పాత శిక్షణశాలకు వెళ్లగా పదునాలుగేండ్ల పిల్లవాడు వరుసగా నాలుగు దెబ్బలు వేశాడని నవ్వుచు చెప్పాడు. అప్పటి నుండి నెలకొక శనివారము తప్పక దిగి వెళ్లుచున్నాడు.