చింతగింజల బంక

వేసవి సెలవుల్లో మా పిల్లలు స్లైమ్ చేస్తామని జిగురులో బట్టల సబ్బుపొడి కలిపారు. చిన్నదాని చేతులు ఎర్రగా పొక్కాయి. మేము కోపం పట్టలేక ఇద్దరినీ కొట్టాము. ఆ రాత్రి వారు మాతో మాట్లాడలేదు.

మరునాడు అవ్వ చింతగింజలు తెచ్చింది. మా మడకశిరలో వాన తప్పినా చింతచెట్టు నీడ తప్పదు. గింజలు వేయించి, పొట్టు తీసి, మెత్తగా విసిరాము. పొడిని ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని మంట మీద ఉడికించాము. చల్లారాక జిగటగా సాగింది. కంబళ్లు నేసేవారు ఉన్ని దారానికి పెట్టే గంజి ఇదేనని అవ్వ చెప్పింది.

ఆడగా మిగిలినదానితో చిరిగిన పుస్తకాల అట్టలు అంటించుకున్నాము. చిన్నది బంక చేతులతోనే మా చెయ్యి పట్టుకుంది. తల్లిదండ్రులారా, కొట్టే ముందు కాసేపు పిల్లల పక్కన కూర్చుందాం.