ఆటపట్టికలో ఆంధ్ర జట్టు

2006లో వెలువడిన ‘క్రికెట్ 07’ అను కంప్యూటర్ ఆటలో ఇంగ్లాండు కౌంటీలున్నవి. మన రంజీ జట్లు లేవు. 1936లో విజ్జీ భారత నాయకుడై వెళ్ళినది ఆ ఇంగ్లాండునకే గదా! విజయనగరం వారమైన మేము ఒక కౌంటీ పేరు చెరిపి ‘ఆంధ్ర’ అని వ్రాసుకున్నాము. ఏటేటా పత్రికలు చూచి ఆటగాండ్ర పేర్లు మార్చుట, అంకెలు దిద్దుట మా సెలవుల పని.

2023-24లో రికీ భుయ్ 902 పరుగులు చేయగా, అతని అంకె పెంచుటకు వాదమే లేకపోయినది. చిక్కంతా హనుమ విహారితోనే. 2023 ఫిబ్రవరిలో ఇండోరున, మణికట్టు విరిగియుండగా, ఆ కుడిచేతి ఆటగాడు ఎడమవాటమున నిలిచి ఒంటిచేత ఆడినాడు. పట్టికలో ‘కుడి’, ‘ఎడమ’లలో ఒకటే ఎంచవలె, గుండెనిబ్బరమునకు గడియే లేదు. చాల తర్కించి ‘కుడి’ అనియే ఉంచితిమి. 2025లో ఆయన త్రిపుర జట్టునకు వెళ్ళినాడు. పేరు తీసివేయుటకు మాత్రము మాలో ఎవరికిని చేయి ఆడలేదు.