సఫర్ కాని ప్రయాణం

ప్రయాణం అనే మాటకు లోకవ్యవహారంలో ఒక అర్థం, ధర్మశాస్త్రంలో మరొక అర్థం ఉన్నాయి. గడప దాటి పొరుగూరికి వెళ్ళినా లోకం దృష్టిలో అది ప్రయాణమే. షరీఅత్ దృష్టిలో సఫర్ అనిపించుకోవడానికి మాత్రం ఒక కొలత ఉంది. హనఫీ ఫిఖ్ గ్రంథాలు దానిని మూడు దినాల నడకగా పేర్కొన్నాయి. మన ఉపఖండపు ఉలమాలు ఆ నడకను 48 మైళ్ళుగా, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కగట్టారు. అంత దూరం వెళ్ళే సంకల్పంతో ఊరి పొలిమేర దాటినవానికే నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండు రకాతులవుతుంది. దానికి లోపల తిరిగేవాడు ఎంత అలసినా ముఖీమే, అంటే స్థానికుడే. ఈ పాఠాన్ని మేము విద్యార్థులకు ఏటా చెబుతూనే ఉన్నాము. ఆ కొలతకు లోపలే ఉన్న దారుల్లో, అనుకోకుండా ఒక పూట తిరిగి వచ్చిన సంగతి ఇప్పుడు పాఠకులతో పంచుకోదలచాము.

మా ఊరు ప్రొద్దుటూరు. మదరసాలకు ఆదివారం సెలవు ఉండదు. గురువారం జొహర్ వేళకు పాఠాలు ముగుస్తాయి. శుక్రవారం జుమా. మళ్ళీ శనివారం ఫజ్ర్ తరువాతనే గ్రంథాలు తెరుచుకుంటాయి. గడచిన డిసెంబరులో ఒక గురువారం, పిల్లలు సంచులు సర్దుకొని వెళ్ళిపోయిన తరువాత, మా చిన్ననాటి మిత్రుడు మోటారుసైకిలు మీద వచ్చి వాకిట నిలిచారు. ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి పదవీ విరమణ పొందినవారు.

"మౌలానా, గండికోట చూసి ఎన్నేండ్లయింది?" అని అడిగారు.

"ముప్పై ఏండ్లు దాటి ఉంటుంది" అన్నాము.

"అయితే ఎక్కండి. అసర్ అక్కడ చదువుకొందాం."

ఇంట్లో ఒక మాట చెప్పి, శాలువా భుజాన వేసుకొని, వాహనం ఎక్కేటప్పటి దుఆ చదువుకొని వెనుక కూర్చున్నాము. ఇద్దరి వయస్సులు కలిపితే నూటపదిహేను. కనుక మిత్రుడు బండిని నలభై వేగానికి మించనీయలేదు. గండికోట మా ఊరికి నలభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. జమ్మలమడుగు మీదుగా పెద్ద రోడ్డు ఉంది. ఆయన దానిని వదిలి, తాను ఉద్యోగకాలంలో పల్లెవెలుగు బస్సు నడిపిన చిన్నదారులను పట్టారు.

నల్లరేగడి నేలల్లో డిసెంబరు నెల బుడ్డశనగది. కనుచూపు మేర పైరు మోకాలికి దిగువన, ముదురాకుపచ్చగా పరచుకొని ఉంది. తెల్లవారుజామున శనగచేలో నడిస్తే కాళ్ళకు అంటే మంచు పుల్లగా ఉంటుంది. ఆ ఆకులే ఆమ్లాన్ని స్రవిస్తాయి. పూర్వం చేలమీద రాత్రిపూట పలుచని గుడ్డ పరచి, ఉదయం పిండి, ఆ పులుసును ఔషధంగా దాచుకొనేవారు. చేల గట్ల మీద కంచెకు బదులు కడప బండలను వరుసగా నిలువునా పాతి ఉంచారు. అవే బండలు ఇండ్లకు గోడలు, మిద్దెలకు కప్పులు, వాకిళ్ళలో అరుగులు. ఈ జిల్లాలోని నార్జి అనే ఊరి పేరునే భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి సున్నపురాతికి పెట్టుకొన్నారు.

ఒక్కొక్క ఊరు దాటుతున్నప్పుడు మిత్రుడు దాని కథ చెప్పసాగారు. ఇక్కడ ఉదయం బస్సుకు పాలక్యాన్లు ఎక్కేవి. అక్కడ ఎప్పుడూ ఒక ముసలమ్మ చిల్లర లెక్కపెట్టుకొంటూ ఆలస్యం చేసేది. ఈ మలుపులో కంపచెట్లు అడ్డుగా పెరిగి ఎదుటి బండి కనబడేది కాదు. కొంతసేపటికి ఆయన స్వరం తగ్గింది. "ఇరవై ఏండ్లు ఈ ఊళ్ళ ముందర ఆగినాను మౌలానా. ఒక్కదానిలోనూ దిగి లోపలికి పోలేదు. బస్సు ఆగేది ఒక్క నిమిషమే కదా" అన్నారు.

జమ్మలమడుగు పక్కన పెన్నను దాటిన తరువాత నేల రంగు మారింది. నలుపు వెనుకబడింది, ఎరుపు ముందుకు వచ్చింది. ఎర్రమల కొండలు మొదలయ్యాయి. ఎత్తు ఎక్కేటప్పుడు తక్బీర్, పల్లానికి దిగేటప్పుడు తస్బీహ్ పలకడం ప్రవక్త (స) సహచరుల అలవాటు. ఆ చిన్న ఇంజను మూలుగుల మధ్య మేమిద్దరమూ దానిని పాటించాము.

కొండల మధ్య నది కోసుకొన్న దారిని గండి అంటారు. గండి ఒడ్డున కోట గనుక గండికోట. నందికొండలలో పుట్టిన పెన్న అనంతపురం సీమను దాటి వచ్చి, ఇక్కడ ఎర్రని రాతిని నిలువునా చీల్చుకొని తూర్పుకు సాగింది. అంచున నిలబడి చూస్తే, ఎవరో పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి, నడుమ కత్తితో కోసినట్లు కనబడుతుంది. నీరు ఎంత అడుగున ఉందంటే దాని చప్పుడు పైకి వినరాదు. యుగయుగాలుగా ఒక చుక్క వెంట మరొక చుక్క ప్రవహించి చేసిన పని అది. మనిషికి ఓర్పు నేర్పడానికి సృష్టికర్త తెరిచి ఉంచిన గ్రంథాలలో ఇదొకటి అనిపించింది.

విజయనగర కాలంలో ఈ కోట పెమ్మసాని నాయకులది. 1650లో గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా మంత్రి మీర్ జుమ్లా దీనిని జయించాడు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ ప్రాంతంలో ఒక నూనె వర్తకుని ఇంట పుట్టి, వజ్రాల వ్యాపారం మీదుగా మంత్రి పదవికి ఎక్కిన వ్యక్తి. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ అతనిని ఇక్కడనే కలుసుకొన్నాడు. చేతివేళ్ళ సందున, కాలివేళ్ళ సందున ఉత్తరాలు ఇరికించుకొని, ఒక్కొక్కటి లాగి జవాబులు చెబుతూ ఉండేవాడని రాశాడు. అటువంటి తీరిక లేని మనిషి తరువాత మొఘలుల కొలువుకు మారి, బెంగాల్ సుబేదారై, అస్సాం దండయాత్ర నుండి తిరిగి వస్తూ 1663లో మరణించాడు. అతని సమాధి అస్సాంలోని మన్‌కాచర్‌లో ఉంది. పెన్న ఒడ్డున కోట గెలిచినవానికి బ్రహ్మపుత్ర సీమలో ఆరడుగుల నేల దక్కింది.

కోట లోపల ఇప్పటికీ ఒక ఊరు ఉంది. మాధవరాయ ఆలయ గోపురం, ధాన్యాగారం, కోనేరు చూసి జామియా మస్జిదు ముందుకు వచ్చాము. రెండు మినార్లు, విశాలమైన ప్రాంగణం, కమానుల వరుసలు. గోల్కొండ పాలనాకాలపు పనితనం. పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న కట్టడం గనుక నిత్య నమాజులు జరగవు. పట్టణాల నుండి వచ్చిన యువకులు కమానుల కింద ఫొటోలు తీసుకొంటున్నారు. మిహ్రాబ్ ఎదుట కొంతసేపు మౌనంగా నిలుచున్నాము. రాయి నిలిచి ఉంది, జమాత్ నిలువలేదు. మస్జిదును తాపీపనివారు కట్టగలరు కాని, దానిని ఆబాదు చేయవలసింది ఆ ఊరి మనుషులే.

బయటికి వచ్చి, నీళ్ళసీసాతో వుజూ చేసుకొని, ఒక చదును బండ మీద శాలువా పరిచాము.

"మౌలానా, రెండా నాలుగా?" అని మిత్రుడు అడిగారు.

"నాలుగే. మనం ముసాఫిర్లం కాము."

"నడుము మాత్రం ముసాఫిరే అంటాంది" అని నవ్వుతూ వెనుక నిలబడ్డారు.

తిరుగుదారిలో ఒక పల్లె దగ్గర పొద్దు గుంకింది. లౌడ్‌స్పీకరు లేకుండా, వణికే గొంతుతో అజాన్ వినిపించింది. మిత్రుడు బండి ఆపారు. బండల మిద్దె ఉన్న ఒంటిగది మస్జిదు. గుమ్మం ముందర ఒక పెద్దాయన చెవుల మీది చేతులు దించుతూ కనిపించారు. మేము సలాం చేయగానే ఆయన ముఖం వెలిగింది.

"యాడి నుంచి వస్తాండారు సాబు? రాండి, రాండి. ఈ పొద్దు జమాత్ అయితాది" అన్నారు.

నమాజు చేయించమని మమ్మల్ని ముందుకు పంపబోయారు. ఊరి మస్జిదులో ఊరి ఇమాముదే హక్కు అని చెప్పాము. ఆయన ఒప్పుకోలేదు. చివరకు ఆయన అనుమతితో మగ్రిబ్ చేయించాము. వెనుక ఆ పెద్దాయన, మిత్రుడు, పరుగున వచ్చి చేరిన ఆయన మనవడు. అంతే జమాత్.

వారిది నూర్‌బాషా కుటుంబం, అంటే దూదేకులవారు. తరతరాలుగా మాతృభాష తెలుగే. ఈయన పడుచుతనంలో దూది ఏకే విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి పరుపులు, బొంతలు కుట్టేవారట. యంత్రాలు వచ్చాక విల్లు అటకెక్కింది, తాను కూలికి వెళ్ళారు. ఊరిలో తమవి ఏడిండ్లు. తెల్లవారితే అందరూ చేలకు పోతారు, మస్జిదు దీపం ఆరిపోకుండా తాను చూసుకొంటారు.

వాళ్ళింట్లో జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి, శనగాకు కూర పెట్టారు. తిన్న తరువాత పెద్దాయన గూట్లోనుండి ఒక చిన్న పుస్తకం తెచ్చారు. తెలుగు లిపిలో దుఆల పుస్తకం. అట్ట లేదు, చివరి కాగితాలు లేవు.

"దీంట్లో జనాజా నమాజు కాగితం ఊడిపోయింది సాబు. మాలో ఎవురన్నా పోతే చదివించేవాళ్ళకోసం టౌనుకు పోవాల. మొన్న వానల్లో మా వదినె పోయింది. వంక పొంగి ఎవురూ రాలేకపోయిరి. రాత్రంతా పీనుగను పెట్టుకొని కూర్చుంటిమి. రేపు నా దినం వస్తే అట్ల కాగూడదు. ఈ పిల్లోడు నిలబడాల."

పదిహేడేండ్ల ఆ కుర్రవాడు తల దించుకొన్నాడు. ఇంటరు చదువుతున్నాడు.

ఇక్కడ పాఠకులకు కూడా ఒక మాట చెప్పాలి. మృతుని ఖననంలో జాప్యం చేయరాదన్నది ప్రవక్త (స) బోధ. జనాజా నమాజు ఫర్జె కిఫాయా. కొందరు నెరవేరిస్తే అందరి బాధ్యత తీరుతుంది, ఎవరూ నెరవేర్చకపోతే తెలిసినవారందరి మీద భారం ఉంటుంది. దానిని చేయించడానికి పండితుడే రావాలన్న నియమం లేదు. యుక్తవయస్సు వచ్చిన ఏ ముస్లిమైనా చేయించవచ్చు. హనఫీ ఫిఖ్ ప్రకారం నిలబడడం, నాలుగు తక్బీర్లు పలకడం దాని మూలస్తంభాలు. మొదటి తక్బీర్ తరువాత సనా, రెండవదాని తరువాత దరూద్, మూడవదాని తరువాత మృతుని కోసం దుఆ, నాలుగవదాని తరువాత సలాం. రుకూ లేదు, సజ్దా లేదు. దుఆ కంఠస్థం కానివాడు విశ్వాసులందరికీ మన్నింపు కోరే చిన్న దుఆ చదివినా నమాజు చెల్లుతుంది.

ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇంతేనా సాబు?" అన్నారు. ఆ రెండు మాటలలో వానల రాత్రి మొత్తం ఉంది.

కుర్రవాని నోటుపుస్తకంలో, వాని తాత కూడా చదువుకొనేంత పెద్ద అక్షరాలతో, దుఆను తెలుగు లిపిలో రాశాము. కాని అరబీలోని ఐన్, పెద్ద హా, ఖాఫ్ శబ్దాలకు తెలుగులో అక్షరాలు లేవు. కనుక మిత్రుని సలహా మీద, మేము నిదానంగా పలుకుతూ ఉండగా కుర్రవాడు తన ఫోనులో రికార్డు చేసుకొన్నాడు. వాకిట్లో నిలబెట్టి నాలుగు తక్బీర్ల క్రమాన్ని మూడుసార్లు చేయించాము. మూడవసారి ఎక్కడా తడబడలేదు. తాత అరుగు మీద కూర్చొని, తన సొంత జనాజా నమాజును అభ్యాసం చేస్తున్న మనవడిని చూస్తూ, కండువాతో ముఖం తుడుచుకొన్నారు. మిత్రుడు లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు.

ఇషా అక్కడే ముగించుకొని బయలుదేరాము. చలిగాలిలో చాలా దూరం మాటలు సాగలేదు. ప్రొద్దుటూరు దీపాలు కనబడుతున్నప్పుడు మిత్రుడు, "ప్రతి గురువారమూ బండికి పెట్రోలు నేను పోయిస్తాను మౌలానా" అన్నారు. "సబఖు మేము చెబుతాము" అన్నాము. అల్‌హమ్దులిల్లాహ్, నాటినుండి ఇంతవరకు నాలుగు గురువారాలు వెళ్ళివచ్చాము. పక్క ఊరివారు కూడా అడుగుతున్నారు.

ఈ పత్రిక చదివే కుటుంబాలలో చాలామంది ఇండ్ల ముందు ఒక మోటారుసైకిలు నిలిచి ఉంటుంది. చాలామందికి వారంలో ఒక పూట తీరిక ఉంటుంది. ఉమ్రాకు, పెద్ద పెద్ద ఇజ్తిమాలకు పెట్టే ఖర్చులో ఈ దారి ఖర్చు లెక్కలోకే రాదు. వెళ్ళేటప్పుడు తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రించిన నమాజు పుస్తకాలు రెండు వెంట తీసుకొని వెళ్ళండి. చేరిన తరువాత ముందుగా ఊరి పెద్దాయన వెనుక నిలబడండి, ఆయన ముందుకు పంపితేనే వెళ్ళండి. వారి భాషలో మాట్లాడండి. పెట్టిన రొట్టె తినండి. పుస్తకంలో ఏ కాగితం ఊడిపోయిందో వారే చెబుతారు.